టేపు పెట్టకుండా కొన్న సీట్లు రెండు, పెట్టి కొన్నది ఒకటి

ముప్ఫై ఏళ్లుగా విశాఖపట్నం పూర్ణా మార్కెట్ దగ్గర బట్టలు కుడుతున్నాను. దుకాణం మెట్టెక్కిన మనిషి నోరు తెరవకముందే అతని భుజమెంతో నడుమెంతో కంటికి అందిపోతుంది. అయినా టేపు పెట్టనిదే కత్తెర పట్టను. అలాంటి నేను సైకిలు సీటును మాత్రం బొటనవేలితో నొక్కి చూసి కొన్నాను. అదీ రెండుసార్లు.

సైకిలు మా అబ్బాయిది. ఉద్యోగానికి హైదరాబాద్ వెళ్తూ ఇంట్లో వదిలేసిన మౌంటెన్ బైక్. లావు టైర్లు, ముందు ఫోర్కులో షాకులు. నాకు షుగర్ బయటపడ్డాక డాక్టరు గారు ఒళ్లు కదిలించమన్నారు. నడుద్దామంటే, మిషను తొక్కీ తొక్కీ అరిగిన కుడి మోకాలు రెండో కిలోమీటరులోనే మొరాయిస్తుంది. సైకిలు మీద ఆ బాధ లేదు. అలా మొదలుపెట్టినవాణ్ణి ఇప్పుడు ప్రతి ఆదివారం తెల్లవారుజామున సింహాచలం గిరి ప్రదక్షిణ దారి చుట్టి వస్తున్నాను. ఆషాఢ పౌర్ణమికి జనం ఇసుక వేస్తే రాలనంతగా నడిచే 32 కిలోమీటర్ల దారి అది. మామూలు రోజుల్లో తెల్లవారక ముందు కుక్కలూ పాల వ్యానులూ తప్ప ఎవరూ ఉండరు. వారం మధ్యలో వీలైతే ఆనందపురం వైపు పూలతోటల మధ్య మట్టిబాటలు పడతాను. సీటు సంగతి నిజంగా తేలేది ఆ బాటల మీదే.

సైకిలుతో వచ్చిన సీటు సన్నగా, గట్టిగా ఉండేది. మా అబ్బాయి దాని మీద రెండేళ్లు హాయిగా తిరిగాడు. నాకు మాత్రం హనుమంతవాక చేరేసరికి కిందంతా పచ్చి పుండులా అనిపించేది. ఇంటికొచ్చి పీట మీద కూర్చోవాలంటే ముందు గోడ పట్టుకోవాలి. "ఏమండీ, పుణ్యం కోసం పొర్లుదండాలు పెట్టేవాళ్లు కూడా మీలా మూలగరు" అంది మా ఆవిడ.

ముందు 350 రూపాయలు పెట్టి జెల్ కవరు కొన్నాను. ఉన్న సీటు మీద తొడిగి తాడు బిగించడమే. దుకాణంలో వేలు పెడితే వెన్నలో దిగినట్టు దిగింది. మొదటి పది నిమిషాలూ స్వర్గం. అడివివరం దాటాక కాళ్ల నడుమ తిమ్మిరి మొదలైంది. నొప్పి అయితే పళ్లు బిగించి ఓర్చుకోవచ్చు. తిమ్మిరి అలాంటిది కాదు, ఆ చోటు నాది కానట్టే అయిపోయింది. షుగర్ ఉన్నవాణ్ణి, స్పర్శ తప్పిందంటే నాకు భయం. బండి దిగి ముడసర్లోవ దగ్గర పది నిమిషాలు నిలబడ్డాక గాని నెత్తురు తిరగలేదు.

తర్వాత 800 రూపాయలతో ఇంకో సీటు. ఈసారి వెడల్పాటిది, కింద రెండు స్ప్రింగులు, పైన దిండు లాంటి స్పాంజి. మెత్తన చాలక తిమ్మిరి వచ్చిందని నా లెక్క. కిరాణా కొట్టు త్రాసులో వేస్తే కిలోకు కాస్త తక్కువ తూగింది. చదును రోడ్డు మీద ఫరవాలేదు. ఎత్తు ఎక్కేటప్పుడు ముందుకు వంగి బలంగా తొక్కితే ఆ స్ప్రింగులు ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకి ఊగుతాయి. పడవలో కూర్చుని తొక్కినట్టే. పైగా సీటు అంచులు తొడల లోపలి వైపు ఒరుసుకుని, రెండు వారాల్లో ప్యాంటు అక్కడ పల్చబడింది. ప్యాంటు పోతే కుట్టుకుంటాను, చర్మానికి మాసిక వెయ్యడం నాకు రాదు.

ఆ సీటు పనికిమాలినదని చెప్పను. మా వీధిలో పేపరు వేసే పెద్దాయనకు ఇచ్చేశాను. ఆయనది పాతకాలపు నల్ల సైకిలు, నిటారుగా కూర్చుని తొక్కుతాడు. "మాస్టారూ, ఇది సీటు కాదు, సోఫా" అని ఇప్పటికీ దండం పెడుతున్నాడు. ఒకే సీటు, ఆయనకు సోఫా, నాకు శిక్ష. ఇదెందుకో నాకు కొన్నాళ్లు అంతుపట్టలేదు.

అంతుపట్టించింది మా సైకిల్ మెకానిక్. వయసులో నా కొడుకంతవాడు. స్ప్రింగు సీటు విప్పుతూ, "మాస్టారూ, మీ సీటు కొలత ఎంత?" అన్నాడు. మా వృత్తిలో సీటు అంటే పిరుదుల చుట్టుకొలత, ప్యాంటుకు తీసేది. ముప్ఫై తొమ్మిది అన్నాను. నవ్వాడు. "చుట్టుకొలత కాదండీ, ఎముకల మధ్య దూరం."

కటి ఎముకకు అడుగున రెండు మొనలుంటాయి. గట్టి బల్ల మీద కూర్చుని అరచేతులు కింద పెట్టుకుంటే తగులుతాయి. ఒంటి బరువు వాటి మీద పడాలి. మధ్యనున్న మెత్తటి చోట నరమూ రక్తనాళాలూ పోతుంటాయి కాబట్టి అక్కడ పడకూడదు. సీటు సన్నదైతే ఎముకలు దాని అంచులు దాటి, బరువంతా నడుమన పడుతుంది. మరీ వెడల్పైతే తొడలు ఒరుసుకుంటాయి. మరీ మెత్తనైతే ఎముకలు స్పాంజిలో కూరుకుపోతాయి, వాటి మధ్య స్పాంజి పైకి ఉబికి ఆ నరాన్నే నొక్కుతుంది. ముడసర్లోవ తిమ్మిరి జెల్ చలవే. లావుకూ దీనికీ సంబంధం లేదు. నలభై నాలుగు సీటున్న మనిషికి ఎముకలు దగ్గరగా ఉండవచ్చు, సన్నగా రివటలా ఉన్నవాడికి దూరంగా ఉండవచ్చు. ఆడవాళ్లకు సాధారణంగా ఈ దూరం కాస్త ఎక్కువ.

కొలత ఇంట్లోనే తీసుకున్నాను. ఫ్యాను వచ్చిన అట్టపెట్టె, లోపల గొట్టాలు గొట్టాలుగా ఉండే అట్ట, దాని ఒక పక్క కోసి చెక్క స్టూలు మీద వేశాను. లుంగీ మీద కూర్చుని, సైకిలు మీద వంగినంత ముందుకు వంగి, మడమలు పైకెత్తి, ఒక నిమిషం కదలకుండా ఉన్నాను. లేచి చూస్తే కంటికి పెద్దగా ఏమీ కనబడలేదు. అప్పుడు గుడ్డ మీద గీతలు గీసే నీలం సుద్ద ముక్క పడుకోబెట్టి అట్ట మీద మెల్లగా రుద్దాను. చదునుగా ఉన్న చోటంతా నీలం అంటింది, నొక్కుకుపోయిన రెండు గుంటలు మాత్రం అంటకుండా ఉండిపోయాయి. ఒక గుంట నడిమి నుంచి రెండో గుంట నడిమికి 11.8 సెంటీమీటర్లు. నమ్మకం చాలక మరో రెండు ముక్కల మీద కూర్చున్నాను, 11.6, 11.9 వచ్చాయి. ఊపు మీదుండి మా ఆవిణ్ణి కూడా కూర్చోమన్నాను. "నా జాకెట్టు కొలతలు సరిగ్గా తియ్యండి ముందు" అని లోపలికి వెళ్లిపోయింది.

ఈ అంకెకు రెండు, మూడు సెంటీమీటర్లు కలిపితే సీటు వెడల్పు. బట్టకు వదులు కలుపుతాం చూడండి, అలాగే. ముందుకు బాగా వంగి తొక్కేవాళ్లు తక్కువ కలుపుకోవాలి, ఎందుకంటే ఆ ఎముకలు ముందుకు పోయే కొద్దీ దగ్గరవుతాయి. నిటారుగా కూర్చునేవాళ్లు ఎక్కువ కలుపుకోవాలి. పేపరు పెద్దాయన సోఫా రహస్యం ఇదన్నమాట. నాకు రెండున్నర కలిపితే 143 మిల్లీమీటర్లు. మెకానిక్ ఆ సైజులో ఒకటి తెప్పించాడు. 2,400 రూపాయలు. కంపెనీ పేరు రాయడం లేదు. రాస్తే మీరు పేరు చూసి కొంటారు, మీ ఎముకలు నావి కావు.

పెట్టె విప్పగానే తిరగేసి కుట్టు చూశాను, అలవాటు చొప్పున. పై తొడుగు మూడు ముక్కలు. మధ్య ముక్క నున్నగా ఉంది, రెండు పక్కలా గరుకు గుడ్డ. మట్టిలో పడినా, గోడకు ఆనించినా ముందు గీరుకునేది పక్కలే కాబట్టి అక్కడ గరుకు వేసినవాడు పని తెలిసినవాడు. అతుకులు తొడ తగిలే అంచు మీదికి రాకుండా ఒక వేలు లోపలికి జరిపారు. ముక్కు గుండ్రంగా కిందికి వంగి ఉంది. మట్టి దిగుడుల్లో సీటు మీద నుంచి లేచి వెనక్కి జరగాలి, మళ్లీ ముందుకు రావాలి. ముక్కు మొనతేలి ఉంటే నిక్కరు గోచీ దానికి తగులుకుంటుంది, ఆ క్షణాన పట్టు తప్పితే అంతే సంగతులు. వెనక భాగం మూలలు కూడా గుండ్రంగా నరికినట్టున్నాయి. నడుమ పొడుగునా గాడి. స్పాంజి బొటనవేలితో నొక్కితే గట్టిగా ఉంది. రెండు నెలల క్రితమైతే ఆ ఒక్క కారణంతో పక్కన పెట్టేసేవాణ్ణి. బరువు 290 గ్రాములు. అడుగు కడ్డీలు మామూలు 7 మిల్లీమీటర్ల ఉక్కువే, ఉన్న పోస్టుకు, అంటే సీటును మోసే గొట్టానికి, సరిపోయాయి.

బిగించిన మొదటి రోజు నచ్చలేదు. ముక్కు కాస్త కిందికి దించి పెట్టుకుంటే ఒత్తిడి తగ్గుతుందని ఎవరో అన్న మాట విన్నాను. నేను ముందుకు జారడం, చేతులతో వెనక్కి తోసుకోవడం, సాయంత్రానికి మణికట్లు నొప్పి. మర్నాడు మేస్త్రీ దగ్గర రసమట్టం అడిగి తెచ్చి, సీటు మీద పొడుగునా చెక్క పెట్టి, బుడగ నడిమికి వచ్చేదాకా సరిచేశాను. ఎత్తుకు పాత పద్ధతే. పెడలు అట్టడుగున ఉన్నప్పుడు మడమ ఆనిస్తే మోకాలు తిన్నగా రావాలి, పాదం ముందు భాగంతో తొక్కితే అప్పుడు కొంచెం వంగుతుంది. ముందుకూ వెనక్కూ జరపడానికి, దారానికి బరువుగా మిషను బాబిన్ కేసు కట్టి, పెడలు ముందుకు వచ్చినప్పుడు మోకాలి చిప్ప దగ్గర నుంచి వేలాడదీశాను. అది పెడలు ఇరుసు మీదికి రావాలి. సీటు ఒక సెంటీమీటరు వెనక్కి జరపాల్సి వచ్చింది. మట్టిబాట దిగే ముందు మాత్రం రెండు వేళ్లు కిందికి దించుకుంటాను. మీట నొక్కితే దానంతటదే దిగే పోస్టులు ఉన్నాయి గాని, వాటి ధరకు నాకు గుడ్డ అంచు పోగులూడకుండా కుట్టే ఇంకో ఓవర్‌లాక్ మిషను వస్తుంది.

కొత్త సీటుకు ఒళ్లు అలవాటు పడాలి. మొదటి వారం ఎముకల దగ్గర, సరిగ్గా అట్ట మీద గుంటలు పడిన చోటే, కాస్త సలుపు. రెండో వారానికి పోయింది. తిమ్మిరి మళ్లీ రాలేదు. నాలుగు నెలలైంది, ప్రదక్షిణ దారి పదహారు సార్లు చుట్టాను, సీటు గురించి ఆలోచించకుండా ఇంటికొచ్చిన రోజులే ఎక్కువ.

సీటొక్కటే కాదు, దాని మీద కూర్చునే గుడ్డ కూడా లెక్కే. ప్యాడు ఉన్న సైక్లింగ్ నిక్కర్లు ఖరీదని నేనే కుట్టుకుందామనుకున్నాను. నాలుగు వైపులా సాగే లైక్రా, కొని తెచ్చిన ప్యాడు. ఓవర్‌లాక్ కొట్టి గర్వంగా వేసుకుని వెళ్లాను. గోపాలపట్నం దాకా గర్వం నిలిచింది. ఓవర్‌లాక్ కుట్టు లోపల గట్టులా లేస్తుంది, ఆ గట్టు సరిగ్గా ఎముక కిందికి వచ్చి, తాడు మీద కూర్చున్నట్టయింది. అక్కడ ఫ్లాట్‌లాక్ కుట్టు పడాలి, రెండు అంచులూ చదునుగా కలిసిపోయేది. ఆ మిషను నా దగ్గర లేదు. కొన్నదే వేసుకుంటున్నాను. లోపల ఇంకేమీ వేసుకోకూడదని చెప్తే మా బావగారు నమ్మలేదు. డ్రాయరు అతుకు కూడా అతుకే కదా బావా అన్నాను.

ఇంగ్లండులో 1866 నుంచీ ఉన్న బ్రూక్స్ వారి తోలు సీటు ఒకటి మెకానిక్ దగ్గరికి మరమ్మతుకు వచ్చిన సైకిలు మీద చూశాను. స్పాంజి ఏమీ లేదు, దళసరి తోలు డోలు చర్మంలా లాగి కట్టారు, వాడేవాడి ఒంటికి తగ్గట్టు క్రమంగా గుంటలు పడతాయి. రాగి మేకుల వరస చూస్తూ నిలబడిపోయాను. పనితనానికి మొక్కాలి. కానీ తోలుకు తడి పడదు, మైనం పుయ్యాలి, అప్పుడప్పుడు బిగించాలి. విశాఖ చెమ్మలో, బురదలో తిరిగే బండికి నేను పెట్టను.

నా సీటులోనూ లోపముంది, అదీ కుట్టులోనే. మధ్య ముక్కకూ పక్క ముక్కకూ కలిపిన చోట సూది రంధ్రాలు అలాగే వదిలేశారు, కింద పట్టీ అతికించలేదు. గొడుగుకు, రెయిన్‌కోటుకు కుట్టు వెనక పట్టీ వెయ్యకపోతే నీళ్లు దిగుతాయని మా దగ్గర పనికి చేరిన కుర్రాడికి కూడా తెలుసు. కార్తీకంలో ముసురు పట్టిన రోజు సైకిలు బయట ఉండిపోయింది. మర్నాడు తుడిచి, పొడిగానే ఉందనుకుని కూర్చున్నాను. స్పాంజి తాగిన నీళ్లన్నీ ఆ రంధ్రాల్లోంచి చిమ్మాయి. ఆ తడి నిక్కరుతో దుకాణం దాకా వచ్చి, గిరాకీ ముందు చాలాసేపు కూర్చునే ఉన్నాను. తర్వాత పాడైన గొడుగు గుడ్డతో, అంచుకు ఎలాస్టిక్ వేసి తొడుగు కుట్టాను, అరగంట పని. ఈ ఒక్క కారణానికి అయిదులో ఒక మార్కు తగ్గిస్తున్నాను.

మెకానిక్ ఆ తొడుగు చూసి తనకు పది కావాలన్నాడు. బదులుగా, సీటు నొప్పి అంటూ వచ్చినవాళ్లను నా దగ్గరికి పంపుతున్నాడు. కత్తిరింపుల బల్ల పక్కన అట్ట ముక్కలు కొన్ని కోసి ఉంచాను. మొన్న ఒక కాలేజీ కుర్రాడు వచ్చి స్టూలు మీద కూర్చుని, లేచి, సుద్ద రుద్దుతుంటే వింతగా చూశాడు. పదమూడు వచ్చింది. "155 తీసుకో బాబూ" అన్నాను. "అంకుల్, మెత్తటిది ఉంటుందా?" అన్నాడు.

జెల్ కవరు ఆ స్టూలు మీదే ఉంది, చూపించాను. మిషను ముందు రెండు గంటలు కూర్చోవడానికి భేషుగ్గా ఉంది.