స్కార్‌బరో ఆర్‌టీ: పన్నెండేళ్లు ఎక్కినోడి మాట

మొన్న ప్రొద్దుటూరులో టీ అంగడి కాడ కడప-బెంగళూరు లైను మాట వచ్చింది. 2008-09లో మంజూరైన ఆ లైనులో కడప నుంచి పెండ్లిమర్రి దాకా 21 కిలోమీటర్లు పడింది. "అంత దుడ్డు పోసి కొత్త లైను ఎందుకు బావా? ఉండే లైన్లలోనే ఇంకో నాలుగు బండ్లు ఏస్తే సాలదా?" అన్నాడు మా బావ. కెనడాలోని టొరంటోలో పన్నెండేళ్లు, ఏ లైను వేయాలన్న ఇలాంటి వాదనే విన్నా. 2011 నుంచి 2023 దాకా ఆ నగరం తూర్పు వైపున్న స్కార్‌బరోలో ఉండి, రోజూ ఎక్కిన రైలు గురించి రాస్తున్నా.

ఆ రైలే స్కార్‌బరో ఆర్‌టీ (ర్యాపిడ్ ట్రాన్సిట్), 1985 మార్చిలో మొదలైంది. 6.4 కిలోమీటర్లు, ఆరు స్టేషన్లు, నాలుగు పొట్టి పెట్టెలు. చక్రాలను తిప్పే మోటారు ఉండదు. పట్టాల నడుమ పరిచిన లోహపు పట్టీకీ, పెట్టె అడుగునుండే లీనియర్ మోటారుకూ మధ్య పుట్టే అయస్కాంత బలంతోనే బండి ముందుకు పోతుంది. మొదట అక్కడ ట్రామ్ వేయాలనుకున్నారు. టొరంటో ఉండే ఒంటారియో రాష్ట్రం తన సొంత సంస్థ చేసిన ఈ కొత్త రకాన్నే పెట్టాలని పట్టుబట్టింది. ఖర్చు బాగా పెరిగింది.

నాకు ఆ బండంటే ఇష్టం. పొద్దున రద్దీ వేళ ఒకటి తప్పిపోతే ఐదు నిమిషాల్లో ఇంకోటి వచ్చేది. ఈ చివర నుంచి ఆ చివరకు పది నిమిషాలు. గోదాముల వెనక నుంచి, ఇళ్ల పెరళ్ల పక్క నుంచి పోతుంటే ఎవరి తోటలో టమోటా కాసిందో కనిపించేది. మలుపుల్లో మాత్రం చక్రాల కీచు చెవులు కోసేది. గట్టిగా మంచు పడిందంటే బండి ఆగి, బస్సే గతి. అన్నిటికన్నా పెద్ద ఇబ్బంది కెనెడీ స్టేషన్‌లో. అక్కడ దిగి సబ్‌వే, అంటే భూగర్భ మెట్రో రైలు, ఎక్కాలి. అది కింద, ఈ బండి పై అంతస్తులో. మా అమ్మ వచ్చినప్పుడు ఒకరోజు ఎస్కలేటరు పనిచేయలేదు. మోకాళ్లు పట్టుకుని నడిమెట్ల మీద కూర్చుండిపోయింది.

పెట్టెలు ముసలివైనాయి, మార్చాలని అందరికీ తెలుసు. ఏది పెట్టాలన్నదే తెగలేదు. ట్రామ్ లాంటి ఏడు స్టేషన్ల లైట్ రైలుకు రాష్ట్రం డబ్బు ఇస్తానంది. 2013 అక్టోబరులో నగర మండలి 24-20 ఓట్లతో దాన్ని కాదని మూడు స్టేషన్ల సబ్‌వేకు మొగ్గింది. దానికోసం ఇంటి పన్నూ పెంచారు. 2016కి ఆ మూడు స్టేషన్లు ఒక్కదానికి తగ్గినాయి. 2019లో రాష్ట్రం తన చేతిలోకి తీసుకుని మళ్లీ మూడంది. అంచనా 550 కోట్ల డాలర్లు, పొడవు 7.8 కిలోమీటర్లు.

ఆదివారాలు మా తెలుగోళ్ల ఇళ్లలో పప్పన్నం ముందు కూడా ఇదే గొడవ. "నగరం నడిబొడ్డు వాళ్లకు సబ్‌వే, మనకు ట్రామా? మనమేం తక్కువ?" అనేవాళ్లు. సీమలో పుట్టినోణ్ని, ఆ రోషం నాకు అర్థమవుతుంది. అయినా నా ఓటు లైట్ రైలుకే. నేను దిగే లారెన్స్ ఈస్ట్ స్టాపు అందులో ఉంది. సబ్‌వే ప్లానులో లేదు, లారెన్స్ రోడ్డు మీదే ఇంకా తూర్పుగా, మెకావన్ రోడ్డు కలిసే కాడికి పోయింది. సొరంగం లోతు గురించి మాట్లాడినంత, ఇంటి నుంచి స్టేషన్‌కు నడిచే దూరం గురించి ఎవరూ మాట్లాడలేదు.

2023 నవంబరులో ఆర్‌టీని మూసేద్దామనుకున్నారు. ఆలోపే జులై 24 సాయంత్రం ఎల్స్‌మియర్ స్టేషన్ దగ్గర చివరి పెట్టె విడిపోయి పట్టాలు తప్పింది. ఐదుగురికి దెబ్బలు తగిలాయి. ఆ రోజు ఆగిన బండి మళ్లీ కదల్లేదు. నేను ఉన్న ఆఖరి నెలలు బస్సులోనే గడిచాయి. పది నిమిషాల దారి సిగ్నళ్లలో పాతిక నిమిషాలు, చంటిపిల్లల తల్లులు కూడా నిలబడే. పాత పట్టాల దారిలో బస్సులకే రోడ్డు వేయాలని నిర్ణయించారు. ఆ పని బండి ఆగకముందే అయ్యుండాల్సింది. ఆర్‌టీకి నేను ఐదుకు మూడున్నర మార్కులు వేస్తా. దాన్ని మార్చిన తీరుకు ఒకటి కూడా వేయలేను.

ఇదంతా బావకు చెప్పి, మన ఎర్రగుంట్ల-నంద్యాల లైను గుర్తు చేసినా. 1996-97లో మంజూరు, 2016లో బండి. ఆ ఇరవై ఏళ్లూ మా నాయన ఎర్రగుంట్లకు బస్సులో పోయి రైలు పట్టుకున్నాడు. మా ఊరి స్టేషన్‌లో రైలెక్కే యోగం ఆయనకు లేకపోయింది. బావ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆ పాత పెట్టెలు యాడికి పోయినాయి?" అన్నాడు.

పన్నెండింటిని అమెరికాలో డెట్రాయిట్ వాళ్లు కొన్నారు. వాళ్ల దగ్గర నడిచేదీ అదే రకం బండి. ఎప్పుడైనా అటు పోతే ఎక్కి కిటికీ పక్కన కూర్చోవాలని ఉంది.