బంజుల్ కమిషన్‌లో ఫిర్యాదు: ఐదుకి మూడు స్టార్లు, అవీ జవారా కేసు పుణ్యమే

ముందే చెప్పేస్తున్నా, నేను అక్కడ ఫిర్యాదు పెట్టినవాణ్ణి కాదు. లా చదివేటప్పుడు మూట్ కోర్టు (ఉత్తుత్తి కోర్టులో వాదించే) పోటీ కోసం ఆఫ్రికన్ మానవ హక్కుల కమిషన్ నిర్ణయాలు కట్టలకొద్దీ చదివాను. ఆ చదువు మీదే ఈ రివ్యూ.

ఆఫీసు గాంబియా రాజధాని బంజుల్‌లో ఉంది. 1987లో ఏర్పడింది, సభ్యులు 11 మంది. ఫీజు లేదు, లాయర్ని పెట్టుకుని తీరాలనీ లేదు, బాధితుడే రానక్కర్లేదు, అతని తరఫున ఎవరైనా రాయొచ్చు. ఇక్కడిదాకా ఐదుకి ఐదు. అసలు టెన్షన్ విచారణార్హత దగ్గర, అంటే ఫిర్యాదుని విచారణకి తీసుకోవాలా వద్దా అని తేల్చే దగ్గర. ఈ కమిషన్‌కి ఆధారమైన ఒప్పందం ఆఫ్రికన్ మానవ హక్కుల చార్టర్, దాని 56వ అధికరణంలో ఏడు షరతులున్నాయి, ఒక్కటి తప్పినా జరిగింది ఎంత ఘోరమైనా సరే, అసలు విషయంలోకే వెళ్లరు.

నాకు ఒళ్లు మండింది మూడో షరతుకి. ఫిర్యాదులో ప్రభుత్వాన్ని అవమానించే భాష ఉండకూడదట! కామెరూన్ మీద వచ్చిన 65/92 నంబరు ఫిర్యాదులో 'చిత్రహింసలు పెట్టేవాళ్ల పాలన' లాంటి మాటలున్నాయి. అవి అవమానకరమని చెప్పి కమిషన్ దాన్ని స్వీకరించలేదు. దెబ్బలు తిన్నవాడు 'గౌరవనీయులైన ప్రభుత్వం వారు నన్ను కొట్టియున్నారు' అని అర్జీ రాయాలా ఏంటి?

గడువుదీ అదే తంతు. చార్టర్‌లో అంకె లేదు, 'సమంజసమైన కాలం' అంతే. పోనీలే, వెసులుబాటు ఉంది అనుకుంటాం. తీరా జింబాబ్వే నుంచి పారిపోయిన జడ్జి మైకేల్ మజురు 22 నెలలకు వస్తే ఆలస్యమైందన్నారు. మన జాతీయ మానవ హక్కుల కమిషన్‌కి ఏడాదే గడువు, కఠినమే, కానీ చట్టంలో రాసి ఉంది కాబట్టి ముందే తెలుస్తుంది.

మరి మూడు స్టార్లు ఎందుకంటే జవారా కేసు. సొంత దేశంలో కోర్టులన్నీ తిరిగాకే ఇక్కడికి రావాలన్నది అన్నిటికన్నా పెద్ద షరతు. దావ్దా జవారా గాంబియా అధ్యక్షుడు, ఈ చార్టర్ ముసాయిదా చర్చలు ఆయన హయాంలో బంజుల్‌లోనే జరిగాయి, అందుకే దానికి బంజుల్ చార్టర్ అని ఇంకో పేరు. 1994లో సైన్యం ఆయన్ని దించేసింది. ఆయన ప్రవాసం నుంచి ఇదే కమిషన్‌కి ఫిర్యాదు చేస్తే, గాంబియా కోర్టులకి వెళ్లలేదు కదా, అంతా పత్రికల్లో వచ్చిందే కదా అని ప్రభుత్వం అడ్డుపడింది. కమిషన్ 2000లో ఇచ్చిన నిర్ణయంలో ఆ రెండూ కొట్టేసింది. న్యాయమార్గం అందుబాటులో ఉండాలి, పనిచేయాలి, సరిపోవాలి. ప్రాణభయంతో దేశం దాటినవాణ్ణి వెనక్కి వెళ్లి కేసు వేసుకోమనడం కుదరదంది. పత్రికల సంగతికొస్తే, కేవలం వాటి మీదే ఆధారపడితేనే తప్పు. ఆఫీసు ఉన్న దేశం మీదే ఇలా చెప్పడం చిన్న విషయం కాదు.

పెట్టేవాళ్లకి నా సలహా: ఏ కోర్టుకి ఎప్పుడు వెళ్లారో, వెళ్లలేకపోతే ఎందుకో తేదీలతో రాయండి. చాలామంది ఇక్కడే దొరికిపోతారు. తిట్లు ఇంట్లోనే ఉంచండి.

మన దేశం మీద ఫిర్యాదుకి ఇది పనికిరాదు. టాంజానియాలోనో బోట్స్వానాలోనో ఉంటున్న తెలుగువాళ్లు మాత్రం ఆ దేశం మీద పెట్టుకోవచ్చు, ఎందుకంటే చార్టర్ 'ప్రతి వ్యక్తి' అంటుంది, పౌరుడు అనదు.