గుల్‌మార్గ్‌కు ఏ స్కీలు: తేలికవా, బరువైనవా?

భువనగిరి బండ మీద తాడు పట్టడం నేర్చుకున్న నల్లగొండ కుర్రాళ్లకు ఇప్పుడు గుల్‌మార్గ్ మంచు మీద మనసు పడింది. గొండోలాలో (కేబుల్ కారులో) పైకెళ్లి దిగడానికీ, సొంత కాళ్లతో కొండెక్కి దిగడానికీ ఒకటే జత కావాలట!

పాదం కింద వెడల్పు 90 మిల్లీమీటర్లు, ఒక్కోటి సుమారు 1,400 గ్రాములు ఉండే టూరింగ్ స్కీలు ఎక్కేవారికి హాయి. అడుగున స్కిన్లు (వెనక్కి జారనివ్వని పట్టీలు) అంటించుకుని గంటల తరబడి జరుపుకుంటూ పోవాలి కదా, ప్రతి వంద గ్రాములూ తొడలకు తెలిసిపోతాయి. చిక్కంతా దిగేటప్పుడే. గట్టిపడిన గతుకుల మంచు మీద వేగం అందుకోగానే ముందు కొనలు అదురుతాయి, పట్టు తప్పుతుంది.

100 మిల్లీమీటర్ల వెడల్పు, 1,800 గ్రాముల బరువున్నవి ఆ గతుకులను తొక్కుకుంటూ పోతాయి. అక్కడి అఫర్వత్ కొండ వాలుల మెత్తటి మంచులో చక్కగా తేలుతాయి కూడా. ఎక్కడం మాత్రం నెమ్మది.

గుల్‌మార్గ్‌లో ఎత్తులో చాలా భాగం గొండోలాయే మోసేస్తుంది కాబట్టి నా ఓటు బరువైనవాటికే. వాటికి బూటును స్కీకి పట్టి ఉంచుతూ, ఎక్కేటప్పుడు మడమను వదిలి, దిగేటప్పుడు బిగించే పిన్ బైండింగ్ వేయించాలి. బూటు ముందు భాగంలో ఆ పిన్నులు దూరే గుంటలున్నాయో లేదో డబ్బు కట్టకముందే చూసుకోండి.