పద్యనాటకంలో ముప్పై ఏళ్లు నిలవాలంటే ఏ దారి మేలు?

పద్యం బాగా పాడే కుర్రాళ్లకి, అమ్మాయిలకి ఇవాళ్టికీ కొదవ లేదు. పాతికేళ్లకే చుట్టుపక్కల ఊళ్లలో పేరొస్తుంది, వన్స్‌మోర్లు పడతాయి, తీరా నలభై దాటేసరికి వాళ్లలో చాలామంది స్టేజీ మీద కనిపించరు. గొంతు పోయిందనో ఇల్లు గడవట్లేదనో మానేసి ఉంటారు. ఎక్కువకాలం ఆడాలనుకునేవాళ్ల ముందు మూడు దారులున్నాయి: కంట్రాక్టు నాటకాలు, కుటుంబాలకు కుటుంబాలే కలిసి ఆడే సురభి లాంటి నాటక సమాజం, ఉద్యోగం చేసుకుంటూ ఆడే పరిషత్తు నాటకాలు, అంటే నాటక పోటీల్లో ఆడేవి.

డబ్బు తొందరగా చేతికందేది కంట్రాక్టులోనే. ఊరి కమిటీ కంట్రాక్టరుతో మొత్తానికి బేరం మాట్లాడుకుంటుంది, ఆయన ఆర్టిస్టులకి రాత్రికి ఇంత అని ఇస్తాడు. రిహార్సల్స్ ఉండవు. తెనాలి నుంచి వచ్చిన కృష్ణుడూ విజయవాడ నుంచి వచ్చిన అర్జునుడూ మేకప్ దగ్గరే కలుస్తారు, పద్యాలు అందరికీ నోటికి వచ్చు కాబట్టి నాటకం నడిచిపోతుంది. ఒకే వేషాన్ని ఇద్దరు ముగ్గురు సీన్లవారీగా పంచుకోవడం మామూలే, అందుకే ఎవరి సీనులో వాళ్లు ఉన్న గొంతంతా పెట్టేస్తారు.

నష్టం కూడా అక్కడే మొదలవుతుంది. మైకులు లేని రోజుల్లో చివర కూర్చున్నవాళ్లకి వినపడాలని పాడిన పై శ్రుతి, మైకులొచ్చాక కూడా దిగలేదు. రాయబారం సీను చూడండి. ఎత్తుకోవడమే పైస్థాయిలో ఎత్తుకుంటారు, చివర్లో రాగం సాగదీస్తుంటే హార్మోనియం వెంటపడుతుంది, జనం వన్స్‌మోర్ అంటారు, ఎవరో చదివింపు ఇస్తారు, మైకులో ఆయన పేరు చెప్పగానే అదే పద్యం మళ్లీ మొదటి నుంచి. అది కూడా రాత్రి ఒంటిగంటకో రెండింటికో, దుమ్ములో, నిద్ర లేకుండా. మర్నాడు ఇంకో ఊరు. బొంగురుపోయిన గొంతుతో బలవంతంగా పాడుతూ పోతే స్వరతంత్రుల మీద కాయలు కాస్తాయి. మొదట్లోనే పాడటం ఆపి ఈఎన్‌టీ డాక్టరుకి చూపించుకుంటే, గొంతుకి విశ్రాంతి ఇచ్చి స్పీచ్ థెరపీ చేయించుకుంటే చాలామందికి తగ్గుతుంది. కానీ శివరాత్రి, శ్రీరామనవమి సీజన్లో పాట ఆపితే ఏడాది సంపాదనలో పెద్ద వాటా పోతుంది, అందుకని కషాయం తాగి స్టేజీ ఎక్కేస్తారు. మంచి గొంతులు ఇలా అరిగిపోతుంటే నాకు నిజంగా కడుపు తరుక్కుపోతుంది.

ఒకే వేషాన్ని నమ్ముకోవడం ఇంకో ప్రమాదం. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చింతామణి నాటకాన్ని నిషేధించింది. ఆ నాటకంలో వేషాల మీదే బతుకుతున్న వాళ్లకి ఒక్క ఉత్తర్వుతో పని పోయింది.

సురభి పద్ధతి దీనికి పూర్తిగా వేరు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు మొదలుపెట్టిన ఆ సంప్రదాయం ఇంకా బతికి ఉందంటే, నా లెక్కలో ప్రధాన కారణం మనిషి వయసుతో పాటు పనీ మారుతూ రావడమే. చిన్నప్పుడు లోహితాస్యుడు, లవకుశులు, వయసొచ్చాక నాయకుడో నాయికో, ఆ తర్వాత పెద్ద వేషాలు. వేషం లేని రోజు తెర లాగాలి, లైట్లు చూడాలి, మాయాబజార్ లాంటి నాటకంలో ట్రిక్కు సీన్లకి వెనక నుంచి చెయ్యి అందించాలి. గొంతు బాగోలేకపోయినా మనిషికి పని ఉంటుంది. ఆ కుటుంబాల నుంచే వచ్చిన రేకందార్ నాగేశ్వరరావు గారికి, అంటే మనందరికీ తెలిసిన సురభి బాబ్జీ గారికి, 2013లో పద్మశ్రీ వచ్చింది. ఇబ్బంది ఏమిటంటే ఇల్లంతా ఒకే నాటకం మీద బతకాలి, ఆటలు తగ్గితే అందరి కంచంలోనూ ఒకేసారి తగ్గుతుంది. పైగా బయట పుట్టినవాళ్లు ఆ జీవితంలోకి వెళ్లి ఇమడటం తేలిక కాదు.

ఇక ఉద్యోగం, పరిషత్తు. పరిషత్తులో డబ్బు పెద్దగా రాదు, కానీ రిహార్సల్స్ ఉంటాయి, దర్శకుడు ఉంటాడు, గొంతు నొప్పిగా ఉంటే ఈసారికి వద్దు అనగలిగే ధైర్యం ఉంటుంది. నన్నడిగితే ఆ ధైర్యమే అన్నిటికంటే విలువైంది. ఒక్క మాట, టీచరు ఉద్యోగమైతే జాగ్రత్త. పగలంతా క్లాసులో అరిచి రాత్రి పద్యం ఎత్తుకుంటే గొంతుకి రెండు డ్యూటీలు అవుతాయి. ఆఫీసు పని నయం.

కాబట్టి సురభిలో పుట్టనివాళ్లకి నా ఓటు ఉద్యోగానికే. కంట్రాక్టు నాటకాలు పూర్తిగా మానక్కర్లేదు గానీ వరసరాత్రులు ఒప్పుకోకండి, ఒకటో అరో శ్రుతి దించమని హార్మోనిస్టుని మొహమాటపడకుండా అడగండి. నలభై రాకముందే కృష్ణుడితో పాటు ధృతరాష్ట్రుడు, విదురుడు కూడా నేర్చుకుని ఉంచుకోండి. వీలైతే హార్మోనియం పట్టండి. గొంతు తగ్గాక కూడా స్టేజీ పక్కనే కూర్చోబెట్టే విద్య అది.

ఆడవాళ్ల విషయంలో మాత్రం నా లెక్క మారుతుంది. తెల్లవారుజామున తెలియని ఊరి నుంచి ఒంటరిగా తిరిగి రావడం, పెళ్లయ్యాక ఇంట్లో వద్దనడం, వయసు కాస్త కనపడగానే చంద్రమతి వేషానికి పిలవకపోవడం, ఇవన్నీ కంట్రాక్టులో వాళ్ల మీదే పడతాయి. సురభిలో తల్లులు పిల్లల్ని పక్కన పెట్టుకునే దశాబ్దాలపాటు ఆడారు. అందుకే పద్యం పాడే అమ్మాయిలెవరైనా అడిగితే, ఎనిమిది పదిమంది కలిసి సొంతంగా చిన్న సమాజం పెట్టుకోమనే చెబుతాను: రెండు నాటకాలు, ఒక హార్మోనిస్టు, అందరూ కలిసి వెళ్లి కలిసి వచ్చే ఒక వ్యాను, వచ్చిన సొమ్ములో అందరికీ సమాన వాటా.