సీరమ్‌కి నాలుగు స్టార్లు, సీసాకి సున్నా

15 శాతం ఎల్-ఆస్కార్బిక్ యాసిడ్ (అంటే అసలు విటమిన్ సి) ఉన్న విటమిన్ సి సీరమ్ ఇది. సీల్ తీసినప్పుడు నీళ్లలా తేటగా ఉంది, జిడ్డు లేదు, ముఖానికి ఇట్టే ఇంకిపోయింది, అంతవరకు వంక పెట్టడానికేం లేదు. కానీ వెలుతురు, గాలి, వేడి మూడూ పడని సరుకుని లోపలిదంతా కనిపించే తెల్ల గాజు సీసాలో పోసి అమ్మడమేంటండీ? అద్దం ముందు పెట్టుకునే వస్తువని వాళ్లకి తెలీదా? ముందు లేత పసుపు, తర్వాత టీ డికాక్షన్ రంగు, డ్రాపర్ మూతి చుట్టూ గోధుమరంగు మరక. అంటే గాలి తగిలి ఆక్సిడైజ్ అయి పాడైపోయిందన్నమాట, ఇక రాసుకున్నా పెద్ద ఫలితం ఉండదు. ఫెరూలిక్ యాసిడ్, విటమిన్ ఇ కలిపుంటే కొంచెం ఎక్కువ కాలం ఆగేది, ఇందులో ఆ రెండూ లేవు.

ముడతలకి రాసుకునే విటమిన్ ఎ రకం రెటినాల్‌దీ ఇదే కథ, అందుకే చాలా కంపెనీలు దాన్ని అల్యూమినియం ట్యూబుల్లో ఇస్తాయి, రాత్రిపూట రాసుకోమంటాయి. నియాసినమైడ్‌కైతే (విటమిన్ బి3 రకం) ఈ టెన్షన్ లేదు. విటమిన్ సి కొనాలంటే మాత్రం ముదురు గోధుమరంగు సీసా గానీ గాలి చొరబడని పంపు గానీ చూసి, చిన్న సైజే తీసుకోండి. ఇది మాత్రం అట్టపెట్టెతో సహా ఫ్రిజ్‌లో దాచుకోగలిగితేనే.