కార్న్‌క్రేక్ కోసం ఓరన్సే దాకా

స్కాట్లాండ్ పడమటి తీరంలో ఓబన్ రేవు నుంచి ఫెర్రీ ఎక్కితే రెండున్నర గంటల్లోపే కోలన్సే దీవి చేరతాం. మేం మే నెలలో వెళ్ళింది మాత్రం దానికి దక్షిణాన ఉన్న చిన్న దీవి ఓరన్సే కోసం, అక్కడి కార్న్‌క్రేక్ అనే పక్షి కోసం. సముద్రం వెనక్కి తగ్గే పాటు సమయంలో రెంటి మధ్యా ఇసుక నేల బయటపడుతుంది, దాని మీద నడిచి వెళ్ళాలి. పోటు వేళలు ముందే చూసుకోండి. అవతల బస లేదు.

ఓరన్సే మొత్తం ఒకే ఎస్టేట్. 1996లో ఆర్‌ఎస్‌పీబీ అనే పక్షి సంరక్షణ సంస్థ అక్కడ వ్యవసాయం చేపట్టింది. పశువులు, గొర్రెలు, గడ్డి కోతలు అన్నీ ఉన్నాయి, అన్నీ పక్షుల్ని దృష్టిలో పెట్టుకుని సాగేవే. కార్న్‌క్రేక్ నీటికోళ్ళ కుటుంబానిది. ఆఫ్రికా నుంచి ఏప్రిల్ చివరికల్లా వస్తుంది. అప్పటికి గడ్డి ఇంకా ఎదగదు కాబట్టి, దాక్కోడానికి దురదగొండి లాంటి మొక్కల్ని పొలం గట్ల దగ్గర ఉంచుతారు. వేసవిలో రెండు సార్లు పిల్లల్ని చేస్తుంది గనక కోత ఆలస్యంగా మొదలుపెడతారు. ఇంకో జాగ్రత్త నాకు బాగా నచ్చింది. చుట్టూ నుంచి లోపలికి కోసుకుంటూ వస్తే, ఖాళీ నేల దాటడానికి భయపడే పిల్లలు నడిమి గడ్డిలో ఇరుక్కుని యంత్రం కింద పడతాయి. అందుకే మధ్య నుంచి బయటికి కోస్తారు. రైతుకి పెద్ద ఖర్చు లేని మార్పు, ఎన్ని ప్రాణాలు నిలుస్తాయో!

చఫ్ అని ఎర్ర ముక్కు, ఎర్ర కాళ్ళ కాకి ఒకటుంది. పశువులు మేసి పొట్టిగా ఉంచిన పచ్చికలో, పేడలో పురుగుల్ని ఏరుకుంటుంది. మంద లేకపోతే దానికి తిండి కరువే. అది దర్జాగా మన ముందే తిరుగుతుంది. కార్న్‌క్రేక్ మాత్రం గొంతే వినిపిస్తుంది, గరగరమంటూ రాత్రంతా. అది కనిపించాలని ఫోన్‌లో దాని కూత వినిపించకండి. గూడు దగ్గర కలవరపెట్టడం అక్కడ నేరం కూడా.

బసకి కోలన్సేలో హోటల్ ఉంది, కాటేజీలూ ఉన్నాయి. వంట చేసుకోవచ్చు గనక కాటేజీకే నా ఓటు, బియ్యం, పప్పు వెంట తీసుకెళ్ళండి. మేం దిగినచోట హీటరు సరిగా పనిచెయ్యలేదు, ఫోన్ చేస్తే మర్నాటికి గానీ ఎవరూ రాలేదు. ఆ ఊళ్ళో మే రాత్రులు చలే, స్వెటర్లు తప్పవు. గాలి ఎక్కువైతే ఫెర్రీ రద్దవుతుంది, తిరుగు ప్రయాణానికి ఒక రోజు చేతిలో ఉంచుకుంటే టెన్షన్ ఉండదు.