ఆన్‌లైన్ మధ్యవర్తిత్వమా, ఎదురెదురుగా కూర్చోవడమా: ఏ తగాదాకి ఏది మేలు?

కోర్టు మెట్లు ఎక్కకముందో, ఎక్కాక విసుగొచ్చో, రాజీకి రావాలని ఇరుపక్షాలూ అనుకున్నాయి. మీడియేటర్ (మధ్యవర్తి) దొరికారు. ఒకే గదిలో కూర్చోవాలా, వీడియో కాల్‌లోనా అన్నదే ఇంకా తేలలేదు. డబ్బు వ్యవహారమైతే ఆన్‌లైన్, కుటుంబ వ్యవహారమైతే ముఖాముఖి అని చాలామంది సలహా ఇస్తారు. మొదటి మాటతో నాకు పేచీ లేదు. రెండోదే అంత తేలిగ్గా ఒప్పుకోలేను.

నడిచే పద్ధతి రెండింట్లోనూ దాదాపు ఒకటే. మీడియేటర్ తీర్పు చెప్పరు. ముందు ఒక్కో పక్షంతో విడిగా కాసేపు మాట్లాడతారు, ఇక్కడి మాటలు బయటికి పోకూడదని కాగితం మీద సంతకాలు తీసుకుంటారు. తర్వాత అందరూ కలిసి మాట్లాడతారు, అవసరమైతే విడి గదుల్లోకి వెళ్తారు. విడి గదిలో మీరు చెప్పినది మీ అనుమతి లేకుండా అవతలివాళ్ల చెవిన వేయరు. ఆన్‌లైన్‌లో ఆ గదులు కూడా తెర మీదే ఉంటాయి. ఒక సంగతికి మాత్రం ముందే సిద్ధపడండి: మీడియేటర్ అవతలి గదిలో ఉన్నంతసేపూ మీరు ఖాళీ తెర చూస్తూ కూర్చోవాలి. అవతల ఏదో కుట్ర జరుగుతోందనిపిస్తుంది. సాధారణంగా ఏమీ జరగదు, వాళ్లూ మీలాగే లెక్కలు వేసుకుంటుంటారు.

బాకీలు, అద్దె బకాయిలు, సగంలో ఆగిన కాంట్రాక్టు పనులు, బీమా క్లెయిములు: వీటికి నా ఓటు ఆన్‌లైన్‌కే. తగువంతా అంకెల మీద, కాగితాల మీద నడుస్తుంది. బిల్లు అందరి తెర మీదా పెట్టవచ్చు, ఒప్పందం ముసాయిదాని అందరూ చూస్తుండగానే దిద్దవచ్చు. అంతకన్నా పెద్ద లాభం, ‘సరే’ అనే అధికారం ఉన్న మనిషి ఎంత దూరాన ఉన్నా గంట సేపు వచ్చి కూర్చోగలగడం. ‘పైవాళ్లని అడిగి చెబుతాం’ అన్న మాట దగ్గర ఆగిపోయే రాజీలు తక్కువేం కాదు. చిన్న మొత్తాలకి వీడియో కూడా అక్కర్లేదు. ఇంగ్లండ్, వేల్స్‌లో 10 వేల పౌండ్ల లోపు డబ్బు దావాలకి 2024 మే నుంచి ఒక గంట ఉచిత మధ్యవర్తిత్వం తప్పనిసరి చేశారు. అది ఫోన్‌లోనే జరుగుతుంది, మీడియేటర్ ఒక్కొక్కరితో విడిగా మాట్లాడతారు.

ఇక కుటుంబ వ్యవహారాలు. ఎదురెదురుగా కూర్చుంటే మనసు కరుగుతుందంటారు. కరిగే సందర్భాలు ఉన్నాయి, కాదనను. కానీ విడిపోతున్న దంపతుల్లో, ఒకరు గదిలోకి అడుగు పెట్టగానే రెండోవాళ్ల గొంతు పెగలని జంటలూ ఉన్నాయి. అలాంటివాళ్లని ఒకే భవనంలోకి పిలిస్తే వరండాలోనో, లిఫ్టు దగ్గరో ఎదురుపడక తప్పదు. ఆన్‌లైన్‌లో ఒకరి మొహం ఒకరు చూడకుండానే పిల్లలు ఎవరి దగ్గర ఉండాలో, భరణం ఎంతో మాట్లాడుకోవచ్చు. ఇక్కడ తెర అడ్డుగా ఉండడమే మేలు.

ఆన్‌లైన్‌లో అసలు చిక్కు ఆప్యాయత లేకపోవడం కాదు. గదిలో ఇంకా ఎవరున్నారో మీడియేటర్‌కి కనబడకపోవడం. కెమెరా మొహం వరకే చూపిస్తుంది. పక్కన కూర్చున్న అన్నగారు సైగ చేస్తుండవచ్చు, తలుపు వెనక పిల్లలు వింటుండవచ్చు. మంచి మీడియేటర్లు మొదట్లోనే కెమెరా గదంతా తిప్పి చూపించమంటారు, ఇబ్బంది వస్తే అనడానికి ఒక గుర్తు మాట అనుకుంటారు. అయినా అవతలి మనిషితో ఒకే ఇంట్లో ఉంటూ, తలుపేసుకుని ధైర్యంగా మాట్లాడే చోటే లేకపోతే ఆన్‌లైన్ వద్దు. కొట్టడం, బెదిరించడం ఉన్న చోట అసలు మధ్యవర్తిత్వమే తగునా అన్నది ముందు తేలాలి. ఆ సంగతి మొదటి విడి సంభాషణలోనే చెప్పేయండి, అది పెట్టినది అందుకే.

ఆస్తి పంచుకునే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు అయితే నేను ముఖాముఖికే మొగ్గుతాను. ఆరుగురు ఆరు చిన్న పెట్టెల్లో కనబడుతుంటే ఎవరు ఎవరి వైపు చూశారో తెలియదు, ఒకరి మాట మీద ఇంకొకరి మాట పడుతుంది. అక్కడ చాలాసార్లు కావలసింది వాటా కన్నా ‘అప్పుడు నేను అలా చేయాల్సింది కాదు’ అన్న ఒక్క మాట. అది వీడియోలో, అర సెకను ఆలస్యంగా చెవిన పడితే ఆనదు. పైగా కోపమొచ్చి లేచిన మనిషిని గుమ్మం దగ్గర ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని ఆపుతారు. ఆన్‌లైన్‌లో ఒక్క నొక్కుతో మాయం.

సమయం సంగతికొస్తే, ముఖాముఖి చాలాసార్లు రోజంతా సాగుతుంది, సాయంత్రానికి అలసట సంతకం పెట్టిస్తుంది. ఆన్‌లైన్‌లో గంటన్నర, రెండు గంటల చొప్పున విడతలుగా పెట్టుకోవచ్చు. మధ్యలో ఒక రాత్రి నిద్రపోయి ఆలోచించుకోవచ్చు. పిల్లల విషయంలో ఆ వ్యవధి వరం. ఇద్దరూ ఒప్పుకునే దశకొచ్చిన డబ్బు తగాదాలో మాత్రం అదే వ్యవధిలో చుట్టాల సలహాలు దూరి పనంతా మొదటికొస్తుంది.

రాతలోనే సాగే మూడో దారీ ఉంది. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో సివిల్ రిజల్యూషన్ ట్రిబ్యునల్ 5 వేల డాలర్ల వరకు చిన్న దావాలని 2017 నుంచి ఆన్‌లైన్‌లో చూస్తోంది. ముందు రాజీకి ప్రయత్నిస్తారు, కుదరకపోతే అక్కడే తీర్పు వస్తుంది. చిన్న బాకీలకి బాగుంటుంది. భార్యాభర్తల మధ్య రాత ప్రమాదం: పొడి మాట కూడా పొడిచినట్టే చదువుకుంటారు.

ఇద్దరూ వేర్వేరు దేశాల్లో ఉంటే ఆన్‌లైన్ తప్ప వేరే దారి కష్టం. అయితే మాటలు సరిహద్దు దాటినంత సులువుగా ఒప్పందం దాటదు. ఒక దేశంలో కుదిరిన రాజీ ఇంకో దేశంలోనూ అమలయ్యేలా దేశాలు చేసుకున్న సింగపూర్ ఒడంబడిక 2020లో అమల్లోకి వచ్చింది, కానీ అది అంతర్జాతీయ వ్యాపార రాజీలకే వర్తిస్తుంది, కుటుంబ, వారసత్వ వ్యవహారాలని అది పక్కన పెట్టింది. కాబట్టి పిల్లల మీద కుదిరిన మాటని ఏ దేశపు కోర్టు ఉత్తర్వుగా మార్చుకోవాలో, రెండు చోట్లా అవసరమో సంతకానికి ముందే లాయరుని అడగండి. ఈ-సంతకం చెల్లుతుందో లేదో కూడా అప్పుడే కనుక్కోండి.